రెండో ఊరి జనాభా

మా గెడ్డవలస పురపాలక సంఘంలో జననమరణాలు రాసే గుమస్తాను నేను. పేరు దూసి సోమేశ్వర్రావు. పంతొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నా ముద్ర పడనిదే ఆ పని పూర్తికాలేదు. గొప్పకు చెప్పుకోవడం లేదు. ఊపిరి ఆగినంత మాత్రాన మనిషి చచ్చిపోడనీ, రిజిస్టరులో ముద్ర పడ్డాకే చచ్చిపోతాడనీ నాకు ఎప్పుడో తెలుసు. తెలిసి కూడా కొర్లయ్య విషయంలో నేను చేసిన నిర్వాకం ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను.

పోయిన ఏడాది మార్చిలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి పురపాలక సంఘానికీ ఇంటర్నెట్‌లో ఒక సమాంతర పట్టణం ఉండాలని. ఫోను తెరిస్తే అందులో మన వీధులు, మన మార్కెట్టు, మన గడియార స్తంభం. మనమూ ఒక బొమ్మగా అందులోకి దిగి తిరగొచ్చు, ఎదురొచ్చిన బొమ్మకు నమస్కారం పెట్టొచ్చు, మొక్క నాటొచ్చు, వీధి ఊడ్చి మూడు నక్షత్రాలు సంపాదించొచ్చు. కంపెనీ వాళ్లు వచ్చి నెల తిరక్కుండా కట్టేసి వెళ్లిపోయారు. అందులో రోడ్ల మీద గుంటల్లేవు. కాలవల్లో నీలం రంగు నీళ్లు. పందుల్లేవు. మా ఊరి వాళ్లు చూసి చాలా బాగుందన్నారు గానీ, అది మా ఊరేనని ఒక్కడూ గుర్తుపట్టలేదు. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు 'సమాంతర గెడ్డవలస'. జనం పెట్టిన పేరు రెండో ఊరు.

మా కమిషనర్ విద్యాధర్ పట్నాయక్ గారు సిబ్బందినంతా సమావేశపరిచారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యానికీ ఫైలు నంబరు వేయొచ్చు, అంత శుభ్రంగా మాట్లాడతారు.

"పట్టణం గొప్పతనం దాని రోడ్లలో లేదు, కాలవల్లో లేదు. దాని వినియోగదారుల సంఖ్యలో ఉంది. మనకు నిర్దేశించిన లక్ష్యం లక్ష మంది. మన ఊరి జనాభా అరవై ఒక్క వేలు. మిగిలిన ముప్పై తొమ్మిది వేల మందిని గుర్తించవలసిన బాధ్యత మీ మీద ఉంచడమైనది."

"ఎక్కడ గుర్తించాలి సార్?" అన్నాన్నేను.

"మీ మీ విభాగాల్లో," అన్నారాయన.

ఒక్కో ఉద్యోగి ఐదొందల మందిని చేర్చాలి. కొళాయిల సెక్షన్ వాడు నయం, పేరు నమోదయ్యేదాకా నీళ్లు వదలనన్నాడు. ఆరోగ్య విభాగం అమ్మాయి గర్భిణుల జాబితా తెచ్చి, కడుపులో ఉన్న వాళ్లందరినీ నమోదు చేసింది. "ముందస్తు పౌరులు" అని వాళ్లకు కమిషనర్ గారే ముచ్చటపడి పేరు పెట్టారు. నాకు మిగిలింది మరణాల రిజిస్టరు. ఆ రిజిస్టర్లలో మనుషులకు ఒక సుగుణం ఉంది, ఎదురు చెప్పరు. డెబ్భై నాలుగో సంవత్సరం నుంచి మొదలుపెట్టాను. ఒక పేజీలో మా తాతగారి పేరే కనిపించింది. బతికుండగా నాటకానికి కూడా వెళ్లని నిష్ఠాగరిష్ఠుడాయన. కానీ ఏం చేస్తాను, నాకింకా పదకొండు మంది తక్కువ. ఆయన్నీ దింపేశాను.

అంతలో రెండో సర్క్యులర్ వచ్చింది. నమోదైతే చాలదు, రోజూ తిరగాలి అని. తిరగని వాడు లెక్కలోకి రాడు. దాంతో ఒక్కొక్కళ్లకు నలభై మందిని అప్పగించారు, రోజూ ఫోనులో వాళ్లను నడిపించడానికి. పొద్దున్న పదింటి నుంచి పదకొండున్నర దాకా ఆఫీసంతా వంచిన తల ఎత్తేది కాదు. కౌంటరు దగ్గర నిలబడ్డ జనం మా ఏకాగ్రత చూసి, ఇన్నాళ్లకు వీళ్లు పని చేస్తున్నారని మురిసిపోయారు. రెండో ఊరి వీధుల్లో ఇసుక వేస్తే రాలని జనం. అంతా మా ఆఫీసు వాళ్లమే.

కొర్లయ్య మా ఆఫీసు వీధి ఊడ్చేవాడు. పర్మనెంటు ఉద్యోగి. ఉద్యోగులందరినీ మొదటి రోజే నమోదు చెయ్యాలన్నారు కాబట్టి అతనికి ఫొటో తీసి బొమ్మ తయారు చేసింది నేనే. ఫోను చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈడు నాకన్నా తెల్లగున్నాడు బాబూ," అని నవ్వాడు. "నాకు నేని బూట్లు కూడా ఏసీసినారు."

తర్వాత తొమ్మిదో రోజున, ఏప్రిల్ పన్నెండున, చెత్తబండి తోసుకుంటూ మార్కెట్టు మలుపులో కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి అతనికి పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలలుంది.

నాలుగో రోజున అతని భార్య పైడమ్మ ఆస్పత్రి కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. సర్వీసులో ఉండగా పోయినవాడి ఉద్యోగం భార్యకు ఇస్తారు. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే లేదు. దానికి కావలసిందల్లా నేనిచ్చే మరణ ధ్రువీకరణ పత్రం. పది నిమిషాల పని. వివరాలు కొట్టాను. కంప్యూటరు ఒప్పుకోలేదు. 'ఈ పౌరుడు సమాంతర పట్టణ నివాసి. తొలగించుటకు కమిషనర్ వారి అనుమతి అవసరం' అని చూపించింది.

లోపలికి వెళ్లి చెప్పాను. కమిషనర్ గారు కళ్లజోడు తీశారు.

"ఈ నెలాఖరుకు లక్ష దాటాలి. ఈ తరుణంలో ఒకరిని తగ్గించమంటారా?"

"చనిపోయాడు సార్."

"అది ఆయన వ్యక్తిగత విషయం. మన లక్ష్యానికి సంబంధం లేదు. నెలాఖరు కానివ్వండి."

పైడమ్మకు అదే చెప్పాను, కొంచెం మెత్తగా. ఆమె తలూపి వెళ్లి, గోడవారగా ఉన్న మొగుడి చీపురు తీసుకుంది. మా ఊరి పారిశుధ్య కార్మికుల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పడిపోతే ఆ ఇంటి మనిషే వచ్చి అతని వీధి ఊడవాలి. మస్టరులో హాజరు అతని పేరునే పడుతుంది. మైల మూడు రోజులు పోను ఒక్కరోజు ఖాళీ పడిందా, ఆ వీధి పోయినట్టే. ఇంకొకటి, ఒకరి వీధిలో ఇంకొకరు చచ్చినా చీపురు పెట్టరు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగినాయుడికి ఇదంతా తెలుసు. చూసీ చూడనట్టు కొర్లయ్య పేరు ఎదురుగా టిక్కు పెట్టేవాడు.

అటు రెండో ఊళ్లో కొర్లయ్య బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. కదలని బొమ్మ ఎర్రగా మెరుస్తుంది, అలా మెరిస్తే ఆఫీసుకు చెడ్డపేరు. కమిషనర్ గారు దాన్నీ నా నలభై మందిలో కలిపి, నలభై ఒకటి చేశారు. అంచేత రోజూ పదింటికి కొర్లయ్య చేత వీధి ఊడిపించడం నా పని అయింది. నాకు సిగ్గుగా ఉండేది. సిగ్గుపడుతూనే మరునాడు పదింటికి మళ్లీ ఫోను తీసేవాణ్ని. తలెత్తితే కిటికీలోంచి పైడమ్మ అదే వీధి ఊడుస్తూ కనిపించేది. మొత్తానికి కొర్లయ్య రెండు ఊళ్లలోనూ ఒక్క పూట నాగా పెట్టలేదు.

నెలాఖరైంది. లక్ష దాటింది. పైడమ్మను వెంటబెట్టుకుని కమిషనర్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఫోను తీసి, కొర్లయ్య పేరు నొక్కి చూసి, ఆమె వైపు తిప్పారు.

"చివరిసారి కనిపించినది పన్నెండు నిమిషాల క్రితం. నలభై నమస్కారాలు, ఆరు మొక్కలు, ఒక వీధి. ఇంత చురుకైన పౌరుడు మరణించాడని నేను ఏ మనస్సాక్షితో సంతకం చెయ్యాలి?"

పైడమ్మ ఆ బొమ్మ వంక చూసింది.

"ఆడు కాడు బాబూ. మా ఆయన్ని నానే కాల్సినాను."

"ఎక్కడ?"

"గెడ్డ కాడి సశానంలోన."

కమిషనర్ గారు ఆలోచించి నాతో అన్నారు. "అదే చిక్కు. సమాంతర పట్టణంలో శ్మశానం లేదు. మరణానికి మౌలిక వసతి లేనిచోట మరణం ఆచరణసాధ్యం కాదు. నోట్ ఫైల్ పెట్టండి."

నిజంగానే లేదు. కంపెనీ వాళ్లు ఉత్సాహభంగం అవుతుందని కట్టలేదట. నేను నోట్ ఫైల్ పెట్టాను. ఫైలు పైకి వెళ్లింది. అక్కడి నుంచి 'అచటి నివాసులలో ఎందరు మరణించగోరుచున్నారు?' అని ప్రశ్న వచ్చింది. సర్వే చేశాం. అంటే నా నలభై ఒక్క మందినీ నేనే అడిగాను. ఒక్కరు అని రాశాను. ఒక్కరి కోసం శ్మశానం లాభసాటి కాదని ఫైలు తిరిగొచ్చింది. ఇలా సంవత్సరం దాటింది. ఈ ఏడాది జూన్ ముప్పైన కొర్లయ్యకు పదవీ విరమణ వయసు వచ్చిందన్న సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాక్కూడా తట్టలేదు.

జులైలో మా పక్క రాళ్లగెడ్డ మునిసిపాలిటీ వాళ్లు తమ రెండో ఊళ్లో విమానాశ్రయం తెరిచారు. ఆ ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే. అయినా వాళ్ల వినియోగదారులు లక్షా ఇరవై వేలకు ఎగబాకారు. మా కమిషనర్ గారు ఆ రోజు భోజనం కూడా చెయ్యలేదు. సాయంత్రం నన్ను పిలిచారు.

"సోమేశ్వర్రావు గారూ, మీ శ్మశానం ఫైలు ఎక్కడుంది?"

"నా బల్ల కిందే ఉంది సార్."

"తియ్యండి. రాష్ట్రంలోనే తొలి సమాంతర శ్మశానవాటిక మనదే కావాలి. మంత్రిగారి చేతుల మీదుగా."

పద్నాలుగు నెలలు కదలని ఫైలు పద్నాలుగు రోజుల్లో నాలుగు సంతకాలు పెట్టించుకొచ్చింది. రెండో ఊళ్లో శ్మశానం వెలిసింది. పచ్చగడ్డి, పాలరాతి బల్లలు, ఫౌంటెను. అసలు శ్మశానానికి రేకుల షెడ్డు కావాలని జనం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. వానొస్తే శవం మీద గొడుగు పట్టుకుని నిలబడతారు. వాళ్లు ఈ ఫౌంటెను చూసి కొత్త గొడుగులు కొనుక్కున్నారు.

కొత్త ఇంట్లో పాలు పొంగించాలి కదా. అలాగే శ్మశానం ప్రారంభించాలంటే ఒక శవం కావాలి. జాబితా అంతా వెతికి, హాజరులో మచ్చలేని పౌరుడు కొర్లయ్యేనని తేల్చారు. ఆ కబురు పైడమ్మకు నేనే చెప్పాను.

"ఆగస్టు ఇరవైన మీ ఆయన్ని చంపుతారమ్మా. పత్రం ఆ రోజే చేతికిస్తారు."

పైడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎలగోలా సంపీయండి బాబూ. ఈ సీపురు సావకుండా ఉంటే సాలు."

ఆగస్టు ఇరవైన టౌన్ హాల్లో పెద్ద తెర కట్టారు. పైడమ్మను వేదిక మీద మంత్రిగారి పక్కన కూర్చోబెట్టారు. తెర మీద కొర్లయ్య బూట్లేసుకుని, చీపురు భుజాన పెట్టుకుని, శ్మశానం గేటు దాకా నడిచొచ్చాడు. నడిపించింది నేనే, తెర వెనక కూర్చుని. మంత్రిగారు మీట నొక్కారు. కొర్లయ్య పాలరాతి బల్ల మీద పడుకున్నాడు. పువ్వులు కురిశాయి. హాలంతా చప్పట్లు.

"ఇది ఆరంభం మాత్రమే," అన్నారు మంత్రిగారు. "గెడ్డవలస ప్రజలందరికీ ఈ సౌకర్యం త్వరలో అందాలని మనసారా కోరుకుంటున్నాను."

పైడమ్మకు శాలువా కప్పి, పత్రం ఇచ్చారు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, అక్కడికక్కడే ఉద్యోగం దరఖాస్తు ఇచ్చింది. మరునాడు సాయంత్రానికి జవాబొచ్చింది. మా ఆఫీసు చరిత్రలో అంత త్వరగా ఏ దరఖాస్తూ తేలలేదు. 'కొర్లయ్య జూన్ 30న పదవీ విరమణ వయసు పూర్తిచేసి, ఆగస్టు 20న మరణించినందున, సర్వీసులో ఉండగా మరణించినట్లు పరిగణించ వీలులేదు. సానుభూతితో తిరస్కరించడమైనది.'

నేను చదివి వినిపించాను. పైడమ్మ ఒకసారి కాగితం వంక, ఒకసారి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. శాలువా మడతపెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి రోజు, ఇరవై రెండున, పదకొండింటికి పైనుంచి ఒక పరిశీలక బృందం వస్తోంది. రెండో ఊరు ఇంత బాగుంటే మొదటి ఊరు ఎలా ఉంటుందో చూద్దామని వాళ్ల సరదా. ఎనిమిదింటికే కమిషనర్ గారు జీపు దిగారు. దిగిన కాలు అరటి బోదె మీద పడింది. రెండో కాలు చేపల పొలుసు మీద. ముందురోజు సంత. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెత్త. పదహారు నెలల్లో మొదటిసారి ఆ వీధి ఊడవలేదు.

"ఈ వీధి ఎవరిది?" అని అరిచారు.

జోగినాయుడు మస్టరు తెరిచాడు. "కొర్లయ్యదండి."

"ఏడి?"

"మొన్న మంత్రిగారి సేతుల మీద సచ్చిపోయాడు కదండి."

"మొన్నటిదాకా ఎవరు ఊడ్చారు?"

"కొర్లయ్యేనండి. టిక్కులున్నాయి, సూడండి."

"అయితే ఇంకెవరినైనా పెట్టండి!"

"ఒకల ఈదిలోన ఇంకొకలు సీపురెట్టరండి. ఆళ్ల కట్టుబాటు. ముప్పై మందినీ అడిగీసినాను. సస్తే పట్టమన్నారు."

పైడమ్మ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఉంది, చీపురు ఒళ్లో పెట్టుకుని. కమిషనర్ గారు ఆమె దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించారు.

"పైడమ్మా, ఈ ఒక్కరోజుకు ఊడ్చెయ్యమ్మా."

"సచ్చిపోయినోడి పేరున ఎలగ ఊడుత్తాను బాబూ? ఇన్నాళ్లూ మీరు సావలేదన్నారు, ఊడ్సినాను. ఇప్పుడు సంపీసినారు."

"నీకు న్యాయం చెయ్యాలనే నాకూ ఉంది. కానీ రికార్డు ప్రకారం అతను ఆగస్టు దాకా బతికే ఉన్నాడు. రోజూ తిరిగాడు. లేదని ఎవరు చెప్పగలరు?"

అది చెప్పవలసిన వాణ్ని నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. పంతొమ్మిదేళ్ల సర్వీసు, ఎదురు మాట్లాడిన పాపాన పోలేదు. మా తాతగారు గుర్తొచ్చారు. ముందురోజు కూడా ఆయన చేత రెండు మొక్కలు నాటించాను.

"నేను చెప్తాను సార్," అన్నాను. "అతను ఏప్రిల్ పన్నెండునే పోయాడు. పదహారు నెలలూ ఆ బొమ్మను తిప్పింది నేను. ఈ వీధి ఊడ్చింది ఈమె. కొర్లయ్య ఏమీ చెయ్యలేదు, పాపం."

"రాసిస్తారా?"

"రాసిస్తాను."

అక్కడే మెట్ల మీద కూర్చుని రాసిచ్చాను. కమిషనర్ గారు చదివి, గడియారం చూసుకుని, వీధి చూసి, చాలాసేపు గొణుక్కున్నారు. తర్వాత ఆయన చేసిన పని చూశాక, ఈయన ఊరికే కమిషనర్ కాలేదని ఒప్పుకున్నాను. కొర్లయ్య పత్రంలో రెండు తేదీలు వేయించారు. దేహ మరణం ఏప్రిల్ పన్నెండు. దస్త్ర మరణం ఆగస్టు ఇరవై. నిబంధనల్లో 'మరణం' అని మాత్రమే ఉంది, ఏ మరణమో చెప్పలేదు కాబట్టి, ముందు జరిగిన దాన్ని లెక్కలోకి తీసుకోవడమైనదని రాసి సంతకం పెట్టారు. తొమ్మిదింబావుకు పైడమ్మ చేతికి నియామకం ఉత్తర్వు వచ్చింది. నాకు మెమో వచ్చింది, 'మరణించిన ఉద్యోగి విధులను అనుమతి లేకుండా నిర్వహించినందుకు'.

పైడమ్మ లేచి, మస్టరులో మొదటిసారి తన పేరు ఎదురుగా సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అప్పుడు చీపురు పట్టింది. వీధి మనిషి ముందు చీపురు పట్టాక సాయానికి దిగడం వాళ్ల కట్టుబాటులో తప్పు కాదు, అంచేత మిగతా ముప్పై మందీ కూడా అడక్కుండానే దిగారు. పదిన్నరకల్లా వీధి అద్దంలా అయింది. పదకొండింటికి వచ్చిన బృందం, అచ్చం ఫోనులో ఉన్నట్టే ఉందని మెచ్చుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జోగినాయుడు గుర్తుచేశాడు, కొత్త ఉద్యోగిని మొదటి రోజే రెండో ఊళ్లో నమోదు చెయ్యాలని. ఉద్యోగుల నమోదు నూటికి నూరు చూపించాలి. ఫోను పట్టుకుని పైడమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నన్ను మాత్రం అందులో ఎయ్యకండి బాబూ. నాను సచ్చిననాడే సచ్చిపోవాల."

ఫోను జేబులో పెట్టేశాను. కారణం అని ఉన్న గడిలో 'నిరాకరించారు' అని రాశాను. పైవాళ్లు నెలనెలా అడుగుతూనే ఉన్నారు. మా రెండో ఊరి లెక్కకు ఇప్పటికీ ఒక మనిషి తక్కువ.